పొగగొట్టం సరే, బూడిద మాటేమిటి? కాలుష్య నియంత్రణ మండలికి ఒక బహిరంగ లేఖ

తెలంగాణ కాలుష్య నియంత్రణ మండలి సభ్య కార్యదర్శి గారికి, మండలి శాస్త్రవేత్తలకు, ఇంజనీర్లకు నమస్కారం.

నేను కాప్రా వైపు ఉంటాను. ముప్పై రెండేళ్ళు హైస్కూల్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. చెత్త కాల్చితే మిగిలే బూడిద గురించి మీకు ఒక విన్నపం చేసుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడుగైంది, ఓపిగ్గా చివరిదాకా చదవండి.

పోయిన చలికాలం ఒకరోజు పొద్దున్నే కిందికి దిగేసరికి మా వాచ్‌మన్ భార్య కుళాయి దగ్గర కూర్చుని అడుగంటిన గిన్నె తోముతోంది. చేతిలో కొబ్బరి పీచు, పక్కన చిప్పలో బూడిద. చాలా ఏళ్ళ తర్వాత అలా తోమడం చూసి ముచ్చటేసింది. కట్టెల పొయ్యి గానీ పెట్టుకున్నారేమో అనుకుని, బూడిద ఎక్కడిదమ్మా అని అడిగాను. "మూల మీదిదే టీచరమ్మా. రాత్రి చెత్తకు నిప్పు పెట్టిండ్రు గద. దీంతోటి మసి మంచిగ పోతది" అంది. ఆమె చేతులు మణికట్టు దాకా నల్లగా ఉన్నాయి. పక్కనే వాళ్ళ రెండేళ్ళ పిల్ల ఆ చిప్పలో వేలు ముంచి గచ్చు మీద గీతలు గీస్తోంది. మధ్యమధ్యలో అదే వేలు నోట్లో పెట్టుకుంటోంది.

ఆమెను తప్పు పట్టడానికి ఏమీ లేదు. మన ఇళ్ళల్లో బూడిద ఎప్పుడూ చెడ్డ వస్తువు కాదు. అమ్మలు, అమ్మమ్మలు అంట్లు తోమింది దాంతోనే. చిక్కుడు పాదుకు పేనుబంక పడితే చల్లింది దాన్నే. విత్తనాలకు పురుగు పట్టకుండా కలిపి కుండల్లో దాచింది దాంతోనే. నుదుట పెట్టుకునే విభూతి కూడా బూడిదే కదా. కట్టె కాలితే మిగిలేది సున్నం, పొటాష్, కాస్త ఇసుక. దానికి భయపడాల్సిన పని లేదు. ఇవాళ వీధి మూలల్లో మిగులుతున్నది వేరే వస్తువు, పేరు మాత్రం పాతదే. ఆ పేరు నన్నూ ఏమార్చింది. ఐదారేళ్ళ పాటు మేడ మీద కుండీల్లో పాలకూరకూ గోంగూరకూ ఆ మూల మీది బూడిదే తెచ్చి వేశాను. ఆ కూర మనవరాలికి వండి పెట్టాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఆ రోజు ఆ బూడిద కొంచెం పొట్లం కట్టి పైకి తెచ్చుకున్నాను. ఎన్నో బ్యాచ్‌ల పిల్లలతో చేయించిన ప్రయోగమే మళ్ళీ చేశాను. పాడైపోయిన స్పీకర్‌లోంచి తీసిన గుండ్రటి అయస్కాంతం నా దగ్గర ఉంది. దాన్ని పల్చటి పాలిథిన్ కవర్లో పెట్టి బూడిద మీద నెమ్మదిగా తిప్పాను. కవర్ చుట్టూ నల్లటి నూగు లేచి నిలబడింది. కవర్‌ను తెల్ల కాగితం మీదికి తెచ్చి, లోపలి అయస్కాంతాన్ని బయటికి లాగేస్తే నూగంతా కాగితం మీద రాలింది. మూడు చెంచాల బూడిదకు పావు చెంచా దాకా వచ్చింది. జనగామ దగ్గర మా ఆడపడుచు ఇంట్లో ఇంకా కట్టెల పొయ్యి ఉంది. అక్కణ్ణుంచి తెప్పించిన బూడిదలో అదే అయస్కాంతం తిప్పితే కవర్ దాదాపు శుభ్రంగానే బయటికొచ్చింది.

దీన్ని పట్టుకుని తొందరపడి ఏదో తేల్చేయడం నాకు ఇష్టం లేదు. అయస్కాంతానికి అంటుకునే ఖనిజం మన మట్టిలోనే ఉంది. హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైట్. గ్రానైట్‌లో మాగ్నటైట్ అనే నల్లటి ఇనుప ఖనిజం కొద్దిగా ఉంటుంది. వాన వెలిశాక రోడ్డు అంచున పేరుకునే ఇసుకలో అయస్కాంతం తిప్పితే ఇనుప రజనులా అంటుకునేది అదే. చిన్నప్పుడు అందరం ఆడిన ఆటే అది. చెత్తతో పాటు మట్టీ కాలుతుంది కాబట్టి, నా కవర్‌కు అంటిందంతా మంట పుట్టించిందే అనలేను. అందుకని రోడ్డు పక్క ఇసుకనూ, బూడిదలోంచి తీసిన నూగునూ తీసుకెళ్ళి నేను పనిచేసిన బడిలో మైక్రోస్కోప్ కింద పెట్టి చూశాను. ఇసుకలోని గింజలు పలకలు పలకలుగా, పదునైన అంచులతో మెరుస్తున్నాయి. బూడిదలోంచి వచ్చినవాటిలో అలాంటివి కొన్ని ఉన్నాయి. వాటి మధ్య మధ్య మాత్రం నున్నగా, గుండ్రంగా, నల్లపూసల్లాంటివి కనిపించాయి. రాయి పగిలితే అంత గుండ్రటి పూస రాదు. కరిగిన లోహపు బొట్టు గాలిలో చల్లారితే వస్తుంది. వెల్డింగ్ షాపుల దగ్గర ఎగిరే రవ్వలు కూడా చల్లారి ఇలాంటి పూసలే అవుతాయి కాబట్టి, నా మైక్రోస్కోప్ ఇంతకు మించి సాక్ష్యం చెప్పలేదు. ఆ సాక్ష్యం చెప్పగల పరికరాలు ఉన్నది మీ ల్యాబుల్లో, ఈ ఊళ్ళోని పెద్ద సంస్థల్లో. నా ఉత్తరమంతా అందుకోసమే.

చెత్తలో ఇనుము ఎక్కడిది అంటారేమో. ఒక్క రోజు మా ఇంటి పొడి చెత్త డబ్బా బోర్లించి చూశాను. సోడా మూతలు రెండు, గుండు పిన్నులు, వాడేసిన బ్లేడు, గడియారంలోంచి తీసిన సెల్లు, సగం అరిగిన స్టీలు పీచు. ఇవి కాక కంటికి ఇనుములా కనిపించనివి ఉంటాయి. ఎర్రటి, గోధుమ రంగు పెయింట్లలో ఐరన్ ఆక్సైడ్ ఉంటుంది. కొన్ని ప్రింటర్ల నల్ల టోనర్ పొడిలో నేరుగా మాగ్నటైటే కలుపుతారు. ఊడ్చిన దుమ్ములో ఎర్రమట్టి ఉండనే ఉంది. ఆ ఎర్రదనమంతా తుప్పే. ప్లాస్టిక్, కాగితం, ఆకులు కలిసి గాలి సరిగ్గా ఆడకుండా కాలుతున్నప్పుడు ఆ తుప్పు కూడా మాగ్నటైట్‌గా మారుతుంది. మామూలు తుప్పు అయస్కాంతానికి సరిగ్గా అంటదు, మాగ్నటైట్ ఠక్కున అంటుతుంది. ఇక బాగా వేడెక్కిన చోట కొంత లోహం ఆవిరైపోయి, పొగ చల్లారేటప్పుడు మళ్ళీ గడ్డకడుతుంది. అలా పుట్టేవే నానో రేణువులు.

నానో అంటే ఎంతో మీకు చెప్పనక్కర్లేదు. అయితే ఈ ఉత్తరం మా కాలనీ వాళ్ళూ చదువుతారు, వాళ్ళ కోసం చెబుతున్నాను. మిల్లీమీటర్‌ను పది లక్షల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క నానోమీటర్. తల వెంట్రుక మందం సుమారు 80,000 నానోమీటర్లు. వార్తల్లో రోజూ వినే పీఎం 2.5 అంటే గాలిలోని 2,500 నానోమీటర్లు, అంతకంటే చిన్న రేణువులు. నేను బడి మైక్రోస్కోప్‌లో చూసిన నల్లపూసలు దీని ముందు పర్వతాలు. 200 నానోమీటర్ల కంటే చిన్నదాన్ని మామూలు మైక్రోస్కోప్ ఎంత మంచిదైనా చూపించలేదు, ఎందుకంటే వెలుతురు తరంగమే అంతకంటే పొడుగు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కావాలి.

అంత చిన్నదాని గురించి నాకెందుకింత టెన్షన్ అంటే, దానికి కారణం 2016లో వచ్చిన ఒక పరిశోధన. ఇంగ్లండ్‌లో లాంకాస్టర్ యూనివర్సిటీకి చెందిన బార్బరా మేహర్, ఆమె సహచరులు మెక్సికో సిటీలోనూ మాంచెస్టర్‌లోనూ బతికి చనిపోయిన 37 మంది మెదడు కణజాలాన్ని పరీక్షించారు. అందులో మాగ్నటైట్ నానో రేణువులు దొరికాయి. మనిషి మెదడులో మాగ్నటైట్ ఉందని 1992లోనే జోసెఫ్ కిర్ష్‌వింక్ బృందం చెప్పింది, కానీ శరీరం తానుగా తయారుచేసుకునే ఆ స్ఫటికాలకు పలకలూ అంచులూ ఉంటాయి. 2016లో దొరికినవాటిలో ఎక్కువ భాగం గుండ్రటివి. వాటి పక్కనే ప్లాటినం, నికెల్, కోబాల్ట్ లాంటి లోహాల రేణువులు కూడా కనిపించాయి. ఇవి ఒంట్లో పుట్టేవి కావు. ఎక్కడో పెద్ద వేడిలో పుట్టి, గాలితో లోపలికి వచ్చినవి. 200 నానోమీటర్ల కంటే చిన్న రేణువులు ముక్కులోంచి వాసన నాడి వెంట నేరుగా మెదడులోకి వెళ్ళగలవు.

లోపలికి వెళ్ళాక అవి ఊరికే కూర్చోవు. మాగ్నటైట్‌లోని ఇనుము, మన శరీర కణాల్లో సహజంగా ఉండే హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలిసి, చాలా ఉద్రేకంగా పనిచేసే ఆక్సిజన్ రూపాలను పుట్టిస్తుంది. పదో తరగతి పుస్తకం భాషలో చెప్పాలంటే కణాన్ని లోపలి నుంచి తుప్పు పట్టించడం లాంటిది. అల్జీమర్స్ జబ్బుకు ఈ రేణువులే కారణమని రుజువు కాలేదు. సంబంధం ఉండవచ్చన్న అనుమానం మాత్రం గట్టిగానే ఉంది. ఆ మెదళ్ళలోకి చేరినవి ముఖ్యంగా వాహనాల ఇంజన్లు, బ్రేకులు, రకరకాల మంటల నుంచి వచ్చి ఉంటాయని పరిశోధకులు భావించారు. చెత్త మంట కూడా అలాంటి కొలిమే. నగరం నడిబొడ్డున, మనుషుల ముక్కు ఎత్తులో మండుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మన నగరంలో రోజుకు ఏడు వేల టన్నులకు పైగా చెత్త వస్తోంది. దాన్ని కాల్చి కరెంటు తీసే పద్ధతి జవహర్‌నగర్‌లో 2020లో మొదలైంది. 19.8 మెగావాట్లతో మొదలై తర్వాత 24కి పెరిగింది. దుండిగల్‌లో 14.5 మెగావాట్ల ప్లాంట్ ఉంది. వీటిని మూసేయమని నేను అడగడం లేదు. జవహర్‌నగర్ చెత్త గుట్ట దుర్వాసన ఏ గాలికి ఏ కాలనీ మీదికి వస్తుందో మా వైపు వాళ్ళకు ఎవరూ చెప్పనవసరం లేదు. కుప్పగా పోసి కుళ్ళబెట్టడం కంటే, సరిగ్గా చేస్తే కాల్చడం మేలే కావచ్చు. సరిగ్గా చేయడం అంటే ఎక్కడి దాకా అన్నదే నా ప్రశ్న.

ఇలాంటి ప్లాంట్ మాట రాగానే అందరి చూపూ పొగగొట్టం మీదికే పోతుంది. రూల్సు కూడా ముందు దాన్నే పట్టుకుంటాయి. గొట్టంలోంచి వచ్చే ఘనపు మీటర్ గాలిలో దుమ్ము 50 మిల్లీగ్రాములు, డయాక్సిన్లు అనే విష రసాయనాలు 0.1 నానోగ్రాము దాటకూడదని 2016 ఘన వ్యర్థాల నిబంధనల్లో పెట్టారు. అందుకోసం పొగ మీద సున్నం, బొగ్గు పొడి చల్లి, పెద్ద పెద్ద గుడ్డ సంచుల ఫిల్టర్లలోంచి పంపిస్తారు. ఆ ఫిల్టర్లు నిజంగా పనిచేస్తాయి. స్విట్జర్లాండ్‌లో ఈటీహెచ్ జ్యూరిక్ శాస్త్రవేత్తలు నడుస్తున్న చెత్త దహన ప్లాంట్‌లో సీరియం ఆక్సైడ్ నానో రేణువులను కావాలని కలిపి, అవి ఎటు పోతున్నాయో వెంబడించారు. ఆ ఫలితాలు 2012లో వచ్చాయి. ఫిల్టర్లు వాటిని పొగలోంచి దాదాపు పూర్తిగా పట్టేశాయి. మరి అవి ఎక్కడున్నాయి? బూడిదలో. కాలిపోలేదు, కరిగిపోలేదు, బూడిదకు వదులుగా అంటుకుని అలాగే ఉన్నాయి. బూడిద ఎక్కడికి పోతే అవీ అక్కడికే.

ఈ ఒక్క విషయం మీద మీ దృష్టి నిలవాలని నా ఆశ. పొగగొట్టం ఎంత శుభ్రంగా ఉంటే, బూడిదలో అంత సరుకు చేరినట్టు లెక్క. మనం గాలిలోంచి తీసి సంచిలో వేశాం, అంతే. ఆ సంచి మూతి గట్టిగా కట్టామా, ఎక్కడ దింపాం, దింపేటప్పుడు ఎంత ఎగిరింది అన్నది తేలకుండా పని అయిపోయినట్టు కాదు.

చెత్త కాల్చితే సాధారణంగా బరువులో ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా అడుగున బూడిదగా మిగులుతుంది. మన చెత్తలో మట్టి ఎక్కువ కాబట్టి ఇంకాస్త ఎక్కువే ఉండవచ్చు. ఫిల్టర్లలో పట్టుబడే సన్న బూడిద ఒకటి నుంచి మూడు శాతం. తక్కువే కదా అనిపిస్తుంది. వెయ్యి టన్నులు కాలిస్తే పది నుంచి ముప్పై టన్నులు. సీసం, కాడ్మియం, డయాక్సిన్లు, నానో రేణువులు చిక్కగా చేరేది దీనిలోనే. అడుగు బూడిదలోంచి పెద్ద అయస్కాంతాలతో ఇనుప ముక్కలను ఏరి పాత ఇనుము కింద అమ్మడం ప్లాంట్లలో మామూలే. మంచి పనే. కానీ కన్వేయర్ మీద వేలాడే అయస్కాంతం మేకునూ మూతనూ పట్టుకుంటుంది, మిగతా బూడిదకు అంటుకుపోయిన పొడిని వదిలేస్తుంది.

బూడిదకు రూల్ లేదని కాదు. విష లోహాలు హద్దు దాటితే దాన్ని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాలని అదే 2016 నిబంధనల్లో పెట్టారు. అయితే ఆ హద్దులన్నీ బరువు లెక్కలే. లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములు, కిలోకు ఇన్ని మిల్లీగ్రాములు. నానో రేణువుల విషయంలో తక్కెడ మనల్ని మోసం చేస్తుంది. 2,500 నానోమీటర్ల రేణువు ఒక్కదాని బరువూ, అదే పదార్థంతో చేసిన 50 నానోమీటర్ల రేణువులు లక్షా పాతిక వేల బరువూ సమానం. అడ్డం 50 రెట్లు తగ్గితే ఘనపరిమాణం 50 ఇంటూ 50 ఇంటూ 50 రెట్లు తగ్గుతుంది, తొమ్మిదో తరగతి లెక్క. పైగా, అంతే బరువుకు బయటి ఉపరితలం 50 రెట్లు పెరుగుతుంది. రసాయన చర్య జరిగేది ఉపరితలం మీదే. తక్కెడకు రెండూ ఒకటే, ఊపిరితిత్తికి ఒకటి కాదు.

ఈ సంగతి ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా గుర్తించింది. 2021 గాలి నాణ్యత మార్గదర్శకాల్లో అతి సూక్ష్మ రేణువులను బరువుతో కాకుండా సంఖ్యతో కొలవమని సూచించింది. ఘనపు సెంటీమీటర్ గాలిలో రోజు సగటున 10,000 రేణువులు దాటితే ఎక్కువ అని ఒక గుర్తు పెట్టింది. మన దేశపు గాలి ప్రమాణాలు 2009 నాటివి. వాటిలో పీఎం 10, పీఎం 2.5 ఉన్నాయి, రేణువుల సంఖ్య లేదు. దేశం మొత్తం ప్రమాణం మార్చడం మీ చేతిలో లేదని నాకు తెలుసు. కొలవడానికి మాత్రం ప్రమాణం వచ్చేదాకా ఆగక్కర్లేదు కదా.

పైగా ఈ కాలుష్యంలో మనకు కలిసొచ్చే గుణం ఒకటుంది. దీనికి అయస్కాంత గుణం ఉంది కాబట్టి దాక్కోలేదు. రాళ్ళలో అయస్కాంతత్వం కొలిచే పరికరంతో దీన్నీ కొలవవచ్చు. చెంచాడు బూడిదనో నాలుగు చెట్టు ఆకులనో చిన్న డబ్బాలో పెడితే నిమిషాల్లో రీడింగ్ వస్తుంది. ఆ రీడింగ్ ఒక్కటే చాలదు, మన గ్రానైట్ మట్టి వాటా తీసేయాలి, ఆ తర్వాత ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో ఆకారం చూడాలి. కానీ ఏ శాంపిల్‌ను ఆ ఖరీదైన మైక్రోస్కోప్ దాకా తీసుకెళ్ళాలో ముందు చెప్పేది ఈ చవక పరీక్షే. వీధి చెట్ల ఆకుల మీద పేరుకున్న దుమ్ము అయస్కాంతత్వాన్ని కొలిచి, ఊళ్ళో ఎక్కడ ఎంత కాలుష్యం ఉందో పటం గీసే పద్ధతి చాలా దేశాల్లో వాడుకలో ఉంది.

ఈ పని చేయడానికి హైదరాబాద్ కంటే అనువైన ఊరు దేశంలో మరొకటి ఉందా అని అనిపిస్తుంది నాకు. ఆర్టీసీ బస్సులో తార్నాక నుంచి ఉప్పల్ వైపు వెళ్తుంటే పదిహేను నిమిషాల్లో అన్నీ తగులుతాయి. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ, రసాయనాలకు ఐఐసీటీ. కాస్త ముందుకెళ్తే హబ్సిగూడలో కణాల సంగతి తేల్చే సీసీఎంబీ, దాని దగ్గర్లోనే ఎన్‌జీఆర్‌ఐ. ఎన్‌జీఆర్‌ఐ వాళ్ళు దక్కన్ రాళ్ళలో కోట్ల ఏళ్ళ నాటి అయస్కాంతత్వాన్ని చదువుతారు. చౌటుప్పల్ దగ్గర భూమి అయస్కాంత క్షేత్రాన్ని రాత్రింబవళ్ళు కొలుస్తుంటారు. ఎనిమిదో తరగతి పిల్లలను ఒకసారి ఎన్‌జీఆర్‌ఐకి తీసుకెళ్ళాను. రాతి ముక్కను చిన్న సిలిండర్‌లా కోసి యంత్రంలో పెడితే అంకె వస్తుంటే పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూశారు. ఆ యంత్రంలో రాయి బదులు మన బూడిద పెడితే చాలు. మీ మండలి నుంచి ఒక ఉత్తరం వెళ్తే ఈ నాలుగు సంస్థలూ ఒక టేబుల్ చుట్టూ కూర్చోవడం కష్టమా?

కాబట్టి నేను అడిగేది ఇది. జవహర్‌నగర్, దుండిగల్ ప్లాంట్ల బూడిదను, అడుగు బూడిదనూ ఫిల్టర్ బూడిదనూ వేరు వేరుగా, నెలకొకసారి శాంపిల్ తీసి అయస్కాంతత్వం, రేణువుల సైజు, ఆకారం పరీక్ష చేయించండి. ఫలితాలు తెలుగులో, మామూలు మనిషికి అర్థమయ్యేలా మీ వెబ్‌సైట్‌లో పెట్టండి. ఏ రోజు ఎన్ని టన్నుల బూడిద బయటికి వెళ్ళింది, ఎక్కడ దిగింది అన్న లెక్క కూడా దాని పక్కనే పెట్టండి. బూడిద లారీకి పైన టార్పాలిన్ కప్పాలి, లోపల బూడిద తడిగా ఉండాలి. ప్లాంట్ చుట్టూ రెండు మూడు కిలోమీటర్లలో ఉన్న కానుగ, వేప చెట్ల ఆకులు వానలకు ముందొకసారి, వానల తర్వాత ఒకసారి పరీక్షించి, దూరంగా ఉన్న వేరే ప్రాంతం ఆకులతో పోల్చండి. అక్కడ ఏమీ తేడా లేదని తేలితే అందరికంటే ముందు సంతోషించేది నేనే. మా చుట్టుపక్కల వాళ్ళూ ఊపిరి పీల్చుకుంటారు.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. పరీక్షలు పూర్తయ్యేదాకా చెత్త బూడిదను పల్లపు ప్లాట్లు నింపడానికీ, ఇటుకలకూ, పార్కుల్లో బాటలు వేయడానికీ వాడనివ్వకండి. మన దగ్గర ఫ్లై యాష్ ఇటుక అంటే థర్మల్ ప్లాంట్ బొగ్గు బూడిదతో చేసింది. ఇల్లు కట్టే ప్రతివాడికీ ఆ పేరు తెలుసు, నమ్మకమూ ఉంది. అదే పేరు మీద చెత్త బూడిద మార్కెట్లోకి వస్తే కొనేవాడికి తేడా తెలియదు. ఇంగ్లండ్‌లో న్యూకాసిల్ నగరంలో 1990ల్లో సరిగ్గా ఇలాగే జరిగింది. బైకర్ అనే చోటి దహన ప్లాంట్ బూడిదను జనం కూరగాయలు పండించుకునే తోటల్లో బాటల మీద పరిచారు. అడుగు బూడిదలో ఫిల్టర్ బూడిద కూడా కలిసి ఉంది. ఏళ్ళ తర్వాత పరీక్షిస్తే డయాక్సిన్లూ విష లోహాలూ బయటపడ్డాయి, బాటలన్నీ మళ్ళీ తవ్వి తీయాల్సి వచ్చింది. పరిచేటప్పుడు వాళ్ళకూ అది ఉత్త బూడిదలాగే కనిపించి ఉంటుంది.

ప్లాంట్‌కు ఫిల్టర్ అన్నా ఉంది. వీధి మూల మంటకు అదీ లేదు. చెత్త బండి ఒక రోజు రాకపోతే, ఆకులు కుప్ప పడితే, దోమలు ఎక్కువైతే, చలేస్తే, దేనికైనా ముందు గుర్తొచ్చేది అగ్గిపెట్టే. భోగి మంటల్లో కూడా కట్టెలు, పిడకలతో పాటు విరిగిన ప్లాస్టిక్ కుర్చీలు, టైర్లు చేరుతున్నాయి. బహిరంగంగా చెత్త కాల్చకూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబర్ 22న తీర్పు ఇచ్చింది. చిన్న మంటకు 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాలిస్తే 25,000 కట్టాలని చెప్పింది. మా కాలనీలో పది మందిని అడిగితే ఒక్కరికీ ఈ సంగతి తెలియదు. జరిమానా రాసే ముందు ఈ మాట ఇంటింటికీ చేరాలి. చెత్త ఆటోల మైకులో రోజూ పాట వస్తుంది కదా, తడి చెత్త, పొడి చెత్త అని. ఆ పాట తర్వాత రెండు ముక్కలు కలపమని నగర పాలక సంస్థకు మీరు రాయండి. చెత్త కాల్చకండి, ఆ బూడిదతో అంట్లు తోమకండి, మొక్కలకు వేయకండి అని. పాడైన సెల్లులు, బ్లేళ్ళు వేరే కవర్లో కట్టి ఇవ్వమని కూడా.

ఇక ఆ బూడిద కుప్పను చేతులతో ఎత్తేవాళ్ళ సంగతి. పొద్దున ఐదింటికి ఊడ్చడానికి వచ్చే ఆడవాళ్ళు రాత్రి కాలిన కుప్పను చీపురుతో దగ్గరికి లాగి, రెండు అట్ట ముక్కలతో ఎత్తి బండిలో పోస్తారు. కొంగు ముక్కుకు అడ్డం కట్టుకుంటారు. మా వీధిలో ఊడ్చే ఆమెను ఒకసారి, నీళ్ళు చల్లి ఎత్తొచ్చు కదమ్మా అన్నాను. "నీళ్ళెక్కడివమ్మా" అంది. అప్పట్నుంచి గేటు దగ్గర ఒక బకెట్ నీళ్ళు పెడుతున్నాం. బూడిద తడిసిందంటే ఎగరదు, అంత మేరకు నయం. కానీ నానో రేణువుకు చీర కొంగు అడ్డే కాదు. మంచి మాస్కు, చేతి తొడుగులు, తడిపి ఎత్తాలన్న నియమం, ఈ మూడూ పని మీదికి వచ్చే ప్రతి ఒక్కరికీ అందాలి. బూడిద పరీక్షలు మొదలుపెడితే, దాని మధ్య పనిచేసేవాళ్ళ ఊపిరితిత్తుల పరీక్షలు కూడా అందులో కలపండి, ప్లాంట్లలో పనిచేసేవాళ్ళతో సహా.

వాచ్‌మన్ భార్యకు గిన్నెల పొడి డబ్బా, కొత్త పీచు ఇచ్చాను. ఎందుకు వద్దంటున్నానో అయస్కాంతం తిప్పి చూపించాను. కవర్‌కు నల్ల నూగు లేస్తే ఆశ్చర్యపోయి, మళ్ళీ ఒకసారి తిప్పమంది. తర్వాత పిల్లను దగ్గరికి లాక్కుని, కుళాయి తిప్పి దాని చేతులు కడిగింది. నా కుండీల్లో మట్టి మొత్తం తీసేసి కొత్తది నింపాను. తీసిన మట్టిని ఎక్కడ పారబోయాలో తెలియక మేడ మీదే రెండు బస్తాల్లో కట్టి పెట్టాను.

నా దగ్గర నాలుగు పొట్లాలు సిద్ధంగా ఉన్నాయి. ఒకటి మూల మీది బూడిద, ఒకటి జనగామ కట్టెల బూడిద, ఒకటి వాన తర్వాత రోడ్డు అంచున ఎత్తిన నల్ల ఇసుక, ఒకటి నా కుండీలోంచి తీసిన మట్టి. ఒక్కోదాని మీద తేదీ, చోటు రాసి అంటించాను. సనత్‌నగర్‌లోని మీ ఆఫీసులో వీటిని ఎవరికి అప్పగించాలో చెబితే చాలు, ఏ రోజు రమ్మంటే ఆ రోజు తీసుకొస్తాను.

భవదీయురాలు,
ఒక రిటైర్డ్ ఫిజిక్స్ టీచర్,
కాప్రా, హైదరాబాద్